చెరువు కట్ట మీద పరిశోధన: జీవశాస్త్ర విద్యార్థులకు ఫీల్డ్ పని నేర్పే పద్ధతి, మొదటి నుంచి చివరిదాకా

ప్రాజెక్టుల సెమిస్టర్ మొదలైతే చాలు, వరంగల్ చుట్టుపక్కల కాలేజీల్లో జువాలజీ, బోటనీ చెప్పేవాళ్ళు నన్ను ఒకటే అడుగుతారు: "పిల్లల్ని ఫీల్డుకు తీసుకుపోతున్నం మేడం. ఫొటోలు దిగి వస్తున్నరు. రిపోర్టు రాయమంటే నెట్టుల నుంచి ఎత్తి రాస్తున్నరు. అసలు పరిశోధన ఎట్ల చేయించాలె?"

యాభై మందిని బస్సెక్కించి తాడ్వాయి అడవి చూపించి తెస్తే అది విహారయాత్ర. అదీ మంచిదే, కానీ పరిశోధన కాదు. ముగ్గురు పిల్లలు తమ ఊరి చెరువుకు పన్నెండు వారాలు వరుసగా వెళ్ళి, అదే రాయి పక్కన నిలబడి, అదే పద్ధతిలో లెక్కపెడితే అది పరిశోధన. దాన్ని ఎలా నడిపించాలో వరుసగా రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా చెరువు పక్షులవే ఇచ్చాను. మొక్కలకైనా, తూనీగలకైనా క్రమం మారదు.

1. ముందు మీరు ఒక్కరే పోయి రండి

పిల్లల్ని తీసుకెళ్ళే చోటికి మీరు ముందే రెండుసార్లు వెళ్ళాలి. ఒకసారి పొద్దు పొడిచే వేళకు, ఇంకోసారి ఎండ ఎక్కాక.

మొదటి పని, వెలుతురు ఎటు నుంచి వస్తుందో చూడటం. ఉదయం సూర్యుడికి ఎదురుగా నిలబడితే నీటి మీద ఉన్న ప్రతి పక్షీ నల్లటి నీడలాగే కనిపిస్తుంది. నీటికాకికీ బాతుకూ తేడా తెలియదు. వీపుకు ఎండ తగిలేటట్టు నిలబడే చోటు వెతికి, అక్కడి రాయి మీద రంగుతో గుర్తు పెట్టండి. పన్నెండు వారాలూ అక్కడే నిలబడాలి.

తిరిగి వచ్చేలోగా ఇవి తెలుసుకోవాలి:

- తూము ఎక్కడ, మత్తడి (చెరువు నిండితే నీళ్ళు పొర్లే చోటు) ఎక్కడ, నీళ్ళు తగ్గితే శిఖం (చెరువు లోపలి నేల) ఎటువైపు బయటపడుతుంది
- చేపల హక్కు ఏ సంఘానిది, వలలు ఏ రోజుల్లో వేస్తారు
- మొదటి బస్సు ఎన్నింటికి, తిరుగు బస్సు ఎన్నింటికి
- అమ్మాయిలు వాడుకోవడానికి ఊళ్ళో బడిలోగానీ ఎవరి ఇంట్లోగానీ బాత్రూం
- కట్ట మీద ఫోన్ సిగ్నల్ ఎక్కడ అందుతుంది, ఎక్కడ పోతుంది
- దగ్గరి ఆరోగ్య కేంద్రం ఎంత దూరం, అక్కడ పాముకాటు ఇంజెక్షన్ ఉందా లేదా

బాత్రూం సంగతి మగ అధ్యాపకులు చాలామంది మరిచిపోతారు. ఫీల్డులో ఇబ్బంది పడకూడదని అమ్మాయిలు పొద్దున్నుంచి నీళ్ళు తాగకుండా ఉంటారు, పదింటికల్లా తల తిరిగి కూర్చుంటారు. ఈ ఏర్పాటు చేశాకే తేదీ ప్రకటించండి.

2. చోటు దగ్గరిదై ఉండాలి, కాగితాలు ముందే ఉండాలి

పాకాల, ఏటూరునాగారం, కవ్వాల్ పేర్లు చెప్పగానే పిల్లల ముఖాలు వెలిగిపోతాయి. కానీ అవి అభయారణ్యాలు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో అధ్యయనం చేయాలంటే అనుమతి పత్రం ఉండాలి. ఆ దరఖాస్తు పైకి వెళ్ళి తిరిగి వచ్చేలోపు మీ సెమిస్టర్ అయిపోవచ్చు. అభయారణ్యం కాని రిజర్వు ఫారెస్టులో అడుగుపెట్టాలన్నా ముందు అటవీ శాఖ వాళ్ళను కలవాలి.

అందుకే డిగ్రీ విద్యార్థులకు నేను అడవి ఇవ్వను. ఊరి చెరువు, కాలేజీ వెనక బీడు, గుట్ట కింద గడ్డి భూమి, బావి మీద వాలిన తుమ్మచెట్టు చాలు. మళ్ళీ మళ్ళీ వెళ్ళగలగడమే మంచి చోటుకు మొదటి లక్షణం. పిల్లవాడు సైకిల్ మీద చేరుకోగల చెరువు, ఏడాదికోసారి చూసే అడవి కంటే ఎక్కువ నేర్పుతుంది.

సంచిలో ఉండాల్సిన కాగితాలు, రెండేసి కాపీలు:

- ప్రిన్సిపాల్ సంతకంతో లేఖ. విద్యార్థుల పేర్లు, తేదీలు, చేసే పని అందులో రాసి ఉండాలి
- తల్లిదండ్రుల సమ్మతి. సంతకం ఒక్కటే చాలదు, ఫోన్ చేసి మాట్లాడండి
- పంచాయతీకీ, మత్స్యకారుల సంఘానికీ తెలియజేసిన లేఖ
- ప్రతి విద్యార్థి రక్తం గ్రూపు, ఏవైనా జబ్బులు, ఇంటి నంబరు

పట్టుకోవడం గురించి నియమం ముందే చెప్పండి. పక్షిని, పామును, కప్పను, తొండను, తాబేలును ఎవరూ పట్టుకోకూడదు. చూడటం, లెక్కపెట్టడం, దూరం నుంచి ఫొటో తీయడం వరకే. చచ్చి పడి ఉన్న అడవి జంతువును తెచ్చి సీసాలో పెట్టినా అది చట్టం కిందికే వస్తుంది. ల్యాబులో పాత సీసాలు ఉన్నాయి కదా అని పిల్లలు కొత్తవి తేవాలని చూస్తారు, ఆపండి.

3. ప్రశ్నను చిన్నది చేయడం

మొత్తం పనిలో ఎక్కువ సమయం దీనికే పెట్టండి. ప్రాజెక్టులు చెడిపోయేది ఇక్కడే.

ప్రతి ఏడూ ఎవరో ఒకరితో ఈ సంభాషణ జరుగుతుంది:

"మేడం, మా ఊరి చెరువుల పిట్టల మీద చేస్త."
"ఏ పిట్టలు బిడ్డా?"
"అన్ని."
"ఎప్పుడు చూస్తవు?"
"టైం దొరికినప్పుడల్ల."

ఇక్కడ వెంటనే మీరే ఒక ప్రశ్న తయారు చేసి చేతిలో పెట్టకండి. నాకూ మొదట్లో ఆ అలవాటు ఉండేది. అప్పుడు అది నా ప్రాజెక్టు అవుతుంది, పిల్లవాడు కూలీ అవుతాడు. రెండు వారాలయ్యేసరికి వాడికి విసుగు పుడుతుంది.

దానికి బదులు ఇలా చేయండి.

మొదటి మెట్టు: ఏ లెక్కా లేకుండా మూడు ఉదయాలు అదే చోట గంటసేపు కూర్చోమనండి. ఫోన్ జేబులో ఉండాలి. రోజుకు పది "ఎందుకు"లు రాసుకురమ్మనండి. మొదటి రోజు అయిదు కూడా రావు. మూడో రోజుకు పేజీ నిండుతుంది.

రెండో మెట్టు: ఆ ముప్పైలోంచి కళ్ళతో చూసి లెక్కపెట్టి జవాబు చెప్పగలిగినవి ఏరండి. "కొంగ తెల్లగా ఎందుకు ఉంటుంది" పక్కకు పోతుంది. "కొంగలు మత్తడి దగ్గర ఎందుకు తక్కువ" నిలుస్తుంది.

మూడో మెట్టు: నిలిచిన ప్రశ్నను నాలుగు జల్లెళ్ళలో పోయండి. దేన్ని లెక్కపెడతావు? ఏ రెండు చోట్ల? ఏ వేళల్లో, ఎన్నిసార్లు? దేన్ని దేనితో పోలుస్తావు?

పైన "అన్ని" అన్న అబ్బాయి తండ్రి చేపలు పడతాడు. యాసంగి నాట్లకు తూము ఎత్తి నీళ్ళు వదిలాక కొంగలు బురద వైపుకు జరుగుతాయని ఇంట్లో అనుకుంటుంటే విని, ఆ మాట ప్రశ్నల చిట్టాలో రాసుకొచ్చాడు. నాలుగు జల్లెళ్ళూ దాటాక అది ఇలా తేలింది: "డిసెంబర్ నుంచి ఫిబ్రవరి వరకు వారానికోసారి, పొద్దు పొడిచాక మొదటి గంటన్నరలో, నీళ్ళు తగ్గి బయటపడ్డ శిఖం బురద అంచున నిలబడే కొంగలు, తూము దగ్గరి లోతు నీటి అంచున నిలబడే కొంగల కంటే ఎక్కువా?" ఇప్పుడు ఏం చేయాలో వాడికే తెలుసు. నేను చెప్పాల్సింది పెద్దగా మిగల్లేదు.

మన ప్రాంతంలో సెమిస్టర్‌లో పూర్తయ్యే పనులు ఇంకొన్ని:

- తూనీగలు: కట్ట వెంట 100 మీటర్ల గీత, ఇరువైపులా రెండున్నర మీటర్లు, ఎండ ఉన్న రోజు పది నుంచి పన్నెండు మధ్య. మురుగు కలిసే వైపుకూ కలవని వైపుకూ పోల్చాలి. మురుగు నీళ్ళను తట్టుకొని బతికే బ్రాకీథెమిస్ కంటామినేటా అనే నారింజ రంగు తూనీగ ఏ వైపు ఎక్కువో చూస్తే పిల్లలకు వెంటనే ఆసక్తి పుడుతుంది.
- మోదుగ పూలు: ఫిబ్రవరి, మార్చిలో పూసినప్పుడు ఒకే కొమ్మను పది నిమిషాలు చూసి, వచ్చే పిట్టలు, ఉడతలు, తేనెటీగలు ఎన్నో రాయాలి. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం పోల్చాలి.
- గిజిగాడి గూళ్ళు: వానాకాలంలో ఈత, తాటి, తుమ్మ చెట్లలో దేని మీద ఎన్ని, నీటి మీదికి వేలాడేవి ఎన్ని. దూరం నుంచే చూడాలి, గూడు ముట్టకూడదు.
- గడ్డి, చిన్న మొక్కలు: పశువులు మేసే చోటు, కంచె వేసిన చోటు. మీటరు చదరంలో ఎన్ని రకాలు.

4. ముగ్గురితో జట్టు

ముగ్గురు చాలు. ఒకరు చూసి చెబుతారు, ఒకరు రాస్తారు, ఒకరు గడియారం పట్టుకొని చుట్టూ గమనిస్తారు. అయిదుగురైతే ఇద్దరు ముచ్చట్లు పెడతారు, పిట్టలు లేచిపోతాయి.

ఒక సంగతి గట్టిగా చెబుతాను. చేతిరాత బాగుంటుందని ప్రతి జట్టులోనూ పుస్తకం అమ్మాయి చేతికి ఇస్తారు, బైనాక్యులర్ అబ్బాయి మెడలో ఉంటుంది. పన్నెండు వారాలయ్యాక ఆ అమ్మాయికి తీతువుకూ ఉల్లంకి పిట్టకూ తేడా చెప్పడం రాదు. అందుకే పనులు వారం వారం మార్చండి. ఆ రోజు చూసింది ఎవరో షీటులో పేరు రాయించండి, ఎందుకంటే మనిషి మారితే లెక్క కూడా కొంత మారుతుంది.

5. సంచి సర్దడం

- గట్టి అట్ట నోట్‌బుక్, రెండు పెన్సిళ్ళు, చెక్కుడు మర. పెన్ను వద్దు, ఒక్క చినుకు పడితే సిరా పారుతుంది
- అచ్చు వేసిన డేటా షీట్లు, ప్యాడు, మీద కప్పడానికి పాలిథిన్ కవరు
- జట్టుకు ఒక బైనాక్యులర్. 8×42 అయితే వెలుతురు బాగా అందుతుంది, చేయి వణికినా బొమ్మ నిలుస్తుంది
- 30 మీటర్ల టేపు, ముదురు రంగు నూలు తాడు
- మొక్కల పనికి మీటరు చదరం: నాలుగు పీవీసీ పైపు ముక్కలు, నాలుగు ఎల్బోలు. విప్పి సంచిలో పెట్టుకోవచ్చు
- మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, సద్ది
- మడమ పైదాకా వచ్చే బూట్లు, పొడుగు చేతుల చొక్కా, టోపీ, మట్టి రంగు బట్టలు
- క్రేప్ బ్యాండేజీ, యాంటిసెప్టిక్, వెడల్పాటి టేపు, టార్చి, విజిల్

అత్తరు, సెంటు వద్దు. కారణం తొమ్మిదో అంశంలో ఉంది.

6. తరగతి గదిలో రెండు రోజుల సాధన

సాధన చేయకుండా కట్ట ఎక్కితే మొదటి మూడు వారాల డేటా పారేయాల్సి వస్తుంది.

శనగల పళ్ళెం: స్టీలు పళ్ళెంలో గుప్పెడు శనగలు పోసి అయిదు సెకన్లు చూపించి గుడ్డ కప్పండి. ఎన్ని ఉన్నాయో అందరూ రాయాలి. తర్వాత లెక్కపెట్టండి. నలభై దాటితే దాదాపు అందరూ తక్కువే రాస్తారు. పదింటిని ఒక కుప్పగా మనసులో కట్టి, అలాంటి కుప్పలెన్నో చూడమని నేర్పండి. ఇరవై సార్లు చేస్తే చేయి తిరుగుతుంది. గుంపుగా లేచే బాతులను లెక్కపెట్టడానికి ఇంతకంటే మంచి సాధన నాకు తెలియదు.

అడుగుల కొలత: మైదానంలో 30 మీటర్ల టేపు పరిచి, మామూలు నడకతో ఎన్ని అడుగులో ప్రతి ఒక్కరూ మూడుసార్లు లెక్కపెట్టుకొని సగటు నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోవాలి.

ఇద్దరు, ఒకే చెట్టు: క్యాంపస్‌లో ఒకే చెట్టును ఇద్దరు విడివిడిగా పది నిమిషాలు చూసి రాయాలి. తర్వాత రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టండి. ఒకరికి ఏడు, ఇంకొకరికి పన్నెండు వస్తే ఎందుకు వచ్చాయో వాళ్ళే మాట్లాడుకుంటారు. ఎగిరిపోయి తిరిగి వచ్చినదాన్ని లెక్కపెట్టాలా, పై నుంచి దాటిపోయినదాన్ని రాయాలా అనే నియమాలు ఆ మాటల్లోంచే పుడతాయి. అవే మీ షీటు మీది నియమాలు.

7. నోట్‌బుక్

ప్రతి పేజీ పైన తేదీ, మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, చోటు, చూసినవారు, మబ్బు, గాలి, నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయి. ఇవి నింపకుండా ఒక్క పక్షి పేరు కూడా రాయకూడదు. తర్వాత నింపుదాం అనుకుంటే ఎప్పటికీ నిండవు.

మూడు నియమాలు నేను ఎవరికీ సడలించను.

చెరపడం లేదు: తప్పు రాస్తే ఒక్క గీతతో కొట్టేసి పక్కన రాయాలి. కొట్టేసిన అంకె కూడా కనబడాలి.

సున్నా వేరు, ఖాళీ వేరు: చూశాను, ఒక్కటీ లేదు అంటే సున్నా. చూడలేదు అంటే అడ్డగీత. దీన్ని పిల్లలు తేలిగ్గా తీసుకుంటారు. ఖాళీ గళ్ళన్నీ సున్నాలుగా కంప్యూటర్‌లోకి ఎక్కితే సగటు మొత్తం తారుమారవుతుంది.

చూసింది వేరు, అనుకున్నది వేరు: "ఆకలితో ఉన్న కొంగ" అని రాయకూడదు. "పది నిమిషాల్లో ఆరుసార్లు నీళ్ళలో పొడిచింది" అని రాయాలి. ఊరివాళ్ళు చెప్పిన మాటకు విడిగా ఒక నిలువు గీత గీయించండి, ఎవరు చెప్పారో కూడా రాయాలి. వాళ్ళకు తెలిసినంత మనకు తెలియదు, కానీ విన్నదీ కన్నదీ ఒకే గడిలో కలవకూడదు.

పేర్ల దగ్గర జాగ్రత్త కావాలి. "కొంగ" అనే ఒక్క మాట కింద మన ఊళ్ళలో నాలుగైదు జాతులు ఉంటాయి. ముక్కు నల్లగా, పాదాలు పసుపుగా ఉంటే చిన్న తెల్లకొంగ. ముక్కే పసుపుగా, పశువుల వెంట తిరుగుతుంటే పశువుల కొంగ. గుడ్డికొంగ అన్నిటికంటే ఎక్కువ మోసం చేస్తుంది. బురదలో నిలబడితే మట్టి రంగు. లేచిందంటే రెక్కలు తెల్లగా తళుక్కుమంటాయి. ఒక జట్టు మొదటి వారం తొమ్మిది గుడ్డికొంగలు, ఎనిమిది తెల్లకొంగలు రాసుకొచ్చింది. మరుసటి వారం నేను పక్కన నిలబడి చూశాను. కూర్చున్న గుడ్డికొంగను రాస్తున్నారు, అదే పక్షి లేచి ఎగిరితే తెల్లకొంగ అని మళ్ళీ రాస్తున్నారు. ఆ పక్షి వాలేదాకా కళ్ళు తిప్పకుండా చూడమన్నాను. వాలింది, రెక్కలు ముడిచింది, మళ్ళీ మట్టి రంగైపోయింది. రాస్తున్న అమ్మాయి నోట మాట రాలేదు. మొదటి వారం పేజీ మీద తనే ఒక్క గీత గీసి, పక్కన కారణం రాసింది.

ఫోన్ యాప్‌లు పనికొస్తాయి. ఈబర్డ్‌లో జాబితా ఎక్కించడం, ఐనాచురలిస్ట్‌లో ఫొటో పెట్టి సాయం అడగడం నేర్పండి. కానీ యాప్ చెప్పిన పేరును అలాగే రాయకూడదు. ఏ గుర్తులు చూసి ఆ పేరు నిర్ణయించారో రెండు మాటల్లో రాయాలి. తెలియకపోతే "తెలియని చిన్న పిట్ట, తోక ఆడిస్తోంది" అని రాయడమే సరైన పద్ధతి.

8. మొదటి ఉదయం: ఏది ముందు, ఏది తర్వాత

1. కట్ట ఎక్కే ముందే అందరూ ఫోన్లు సైలెంట్‌లో పెట్టాలి, ఎవరి పని ఏదో మరోసారి చెప్పుకోవాలి.
2. గుర్తు పెట్టిన రాయి దగ్గరికి మెల్లగా నడిచి వెళ్ళాలి. మనం రావడంతో లేచినవాటిని విడిగా రాయాలి.
3. రెండు నిమిషాలు కదలకుండా నిలబడాలి. అదిరిన పిట్టలు సర్దుకుంటాయి.
4. పేజీ పైభాగం నింపాలి.
5. పది నిమిషాల లెక్క. ఎడమ నుంచి కుడికి ఒకే దిశలో. పై నుంచి దాటిపోయేవి వేరే గడిలో.
6. రెండో చోటికి నడక. కనీసం 200 మీటర్ల దూరం ఉంటే అవే పక్షుల్ని మళ్ళీ లెక్కపెట్టే ప్రమాదం తగ్గుతుంది.
7. వచ్చే వారం క్రమం తిప్పాలి. ఎప్పుడూ బురద అంచే ముందు చూస్తే, పొద్దెక్కినందువల్ల వచ్చిన తేడాను చోటు వల్ల వచ్చిన తేడా అనుకుంటాం.
8. బయలుదేరే ముందు కట్ట మీదే షీటు మొత్తం ఒకసారి చదివి సంతకం చేయాలి.

మొదటి రెండు వారాలు మీరు పక్కనే ఉండండి. పిల్లలు తప్పు పేరు చెబితే వెంటనే దిద్దకండి. "ముక్కు ఏ రంగు?" అని అడిగి ఆగండి. మూడో వారం నుంచి పది అడుగులు వెనక్కి జరగండి. అయిదో వారానికి వాళ్ళే వెళ్ళి రావాలి, మీరు మధ్యలో ఒకసారి చెప్పకుండా వెళ్ళి చూడాలి.

ఏప్రిల్‌లో ఒకసారి శిఖంలో నడుస్తుంటే తీతువు నెత్తి మీద తిరుగుతూ గోల చేసింది. "ఇది కూస్తే మంచిది కాదంటరు మేడం, పోదాం" అంది ఒక అమ్మాయి. అందర్నీ ఉన్నచోటే ఆగి కాళ్ళ దగ్గర చూడమన్నాను. రెండడుగుల దూరంలో గులకరాళ్ళ మధ్య నాలుగు గుడ్లు, అవీ రాళ్ళలాగే మచ్చలతో ఉన్నాయి. ఇంకో అడుగు పడితే నలిగేవి. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వచ్చేశాం. పక్షి గోల చేస్తే ఆగాలి, కిందికి చూడాలి, వచ్చిన దారినే వెనక్కి పోవాలి. గూడు దగ్గర ఫొటోలు వద్దు, గూడు ఉన్న చోటు ఆన్‌లైన్‌లో పెట్టడమూ వద్దు, స్పీకర్‌లో కూత వినిపించి పిట్టను పిలవడమూ వద్దు.

9. అపాయాలు

పాములు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర మన పొలాల్లో ఉండేవే. చేయి పెట్టే ముందు కన్ను పెట్టాలి. కాటు పడితే కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడు బిగించి కట్టకూడదు. మనిషిని కూర్చోబెట్టి లేదా పడుకోబెట్టి, విరిగిన ఎముకకు కట్టినట్టు ఆ భాగం కదలకుండా చేసి, ఉంగరాలు, గాజులు తీసేసి, 108కి ఫోన్ చేయాలి. ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికే పోవాలి. వరంగల్ చుట్టుపక్కలైతే ఎంజీఎం. పామును పట్టడానికో చంపడానికో ఒక్క నిమిషం కూడా వృథా చేయకండి. కట్లపాము కాటుకు నొప్పి, వాపు పెద్దగా ఉండకపోవచ్చు. నొప్పి లేదని ఇంటికి పంపకండి.

పిడుగులు: వానాకాలం మధ్యాహ్నాలు ఫీల్డు పెట్టుకోకండి. పిడుగుల హెచ్చరిక ఇచ్చే దామిని యాప్ ఫోన్‌లో ఉంచండి. ఉరుము వినపడగానే నీళ్ళ దగ్గర నుంచి, ఒంటరి చెట్టు కింద నుంచి, కట్ట మీద నుంచి దిగి పక్కా ఇంట్లోకి చేరాలి.

తేనెటీగలు: చెరువు దగ్గరి పెద్ద చెట్ల మీద పెద్ద తేనెపట్టులు ఉంటాయి. సెంటు వాసన, పొగ, రాయి వాటిని రేపుతాయి. లేస్తే ముఖం కప్పుకొని దూరంగా పరుగెత్తాలి. నీళ్ళలో దూకకూడదు, తల పైకెత్తేదాకా పైనే తిరుగుతాయి.

దూలగొండి: చలికాలం చివర్లో గుట్టల దగ్గర ఎండిన కాయల నూగు గాలికి లేస్తుంది. తగిలితే గోకకూడదు. వెడల్పాటి టేపు అంటించి పీకితే నూగు వస్తుంది, తర్వాత కడగాలి.

నీళ్ళు: మోకాలు దాటిన నీటిలోకి ఎవరూ దిగకూడదు. పూడిక తీసిన చెరువుల్లో గుంతలు పైకి కనిపించవు. ఈత వచ్చినా సరే.

ఎండ: మార్చి తర్వాత తొమ్మిదిన్నరకల్లా నీడలోకి చేరాలి.

10. అదే రోజు సాయంత్రం

- షీటు ఫొటో తీసి జట్టు గ్రూపులో పెట్టడం
- ఎక్సెల్‌లో ఎక్కించడం: ఒకరు చదవాలి, ఒకరు టైపు చేయాలి. ఒక వరుసలో ఒకే పరిశీలన
- ఆ రోజు వింతగా అనిపించింది రెండు వాక్యాల్లో

మొదట్లో ఒక బ్యాచ్ డేటా మొత్తం ఒకే ఫోన్‌లో ఉంచుకోనిచ్చాను. ఆ ఫోన్ పోయింది, ఎనిమిది వారాల పని పోయింది. ఆ పిల్ల ఏడుపు నాకింకా గుర్తు. ఇప్పుడు కాగితం, ఫొటో, మెయిల్, మూడు చోట్లా లేనిది డేటా కిందికే రాదని మొదటి రోజే చెబుతాను.

11. తరచూ జరిగే తప్పులు, దిద్దే తీరు

అల్లిన అంకెలు: ఒకసారి ఆరో వారం షీటు నా దగ్గరికి మడత లేకుండా, మట్టి మరక లేకుండా వచ్చింది. అంకెలు 12, 14, 12, 14. అబ్బాయిని పక్కకు పిలిచి "ఆ రోజు నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నయి బిడ్డా?" అని మాత్రమే అడిగాను. తల దించుకున్నాడు. "పొలం కాడ మందు కొట్టేది ఉండె మేడం, పోలేకపోయిన. ఖాళీ ఉంటే మార్కులు పోతయనుకున్న." తప్పులో సగం నాది. వారం వారం "షీటు నిండిందా?" అని అడిగాను, "ఏం చూసినవు?" అని అడగలేదు. అప్పటి నుంచి కారణం రాసిన ఖాళీ వారానికి మార్కులు తగ్గించనని రాతపూర్వకంగా ఇస్తున్నాను. అల్లడం ఆగింది.

నచ్చిన చోటే చదరం వేయడం: మొక్కలు గుబురుగా ఉన్న చోటే పిల్లలు చదరం పెడతారు. అడుగుల సంఖ్యలు చీటీల మీద రాసి తీయించండి. చీటీలో 23 వస్తే ఇరవైమూడో అడుగు దగ్గరే, అక్కడ ఒట్టి మట్టి ఉన్నా సరే.

ఒక చెరువు చూసి జిల్లా గురించి చెప్పడం: ఒకే చెరువులో పది చోట్ల లెక్కపెట్టినా అది ఒక చెరువే. "వరంగల్ చెరువుల్లో" అని శీర్షిక పెట్టకుండా ఊరి పేరు పెట్టించండి.

మధ్యలో పద్ధతి మార్చడం: అయిదో వారంలో పది నిమిషాలను పదిహేను చేస్తే ముందు వారాలు పనికిరావు. మార్చాలనిపిస్తే మొదటి రెండు వారాలను అభ్యాసంగా పక్కన పెట్టి, మూడో వారం నుంచి స్థిరపరచండి.

చెట్టు చుట్టుకొలత ఇష్టం వచ్చిన ఎత్తులో తీయడం: 1.37 మీటర్ల ఎత్తు గుర్తు పెట్టిన కర్ర ఒకటి జట్టుతో ఉండాలి.

12. లెక్క తేల్చడం, రాయడం

సాఫ్ట్‌వేర్ కంటే ముందు కాగితం. వారాలు అడ్డంగా, సంఖ్యలు నిలువుగా, రెండు చోట్లకు రెండు రంగుల చుక్కలు పెట్టించండి. సగం జవాబు అక్కడే కనిపిస్తుంది.

తర్వాత రూపాయి బిళ్ళ తీయండి. పన్నెండు వారాల్లో బురద అంచున ఎక్కువ ఉన్న వారాలు ఎన్ని? రెండు చోట్లకూ నిజంగా తేడా లేకపోతే, ఏ వారం ఎటు ఎక్కువ అనేది బిళ్ళ పడ్డట్టే ఉంటుంది. పన్నెండుసార్లు బిళ్ళ ఎగరేస్తే పదిసార్లో అంతకంటే ఎక్కువో ఒకే వైపు పడే అవకాశం, బొమ్మా బొరుసూ రెండూ కలిపి చూస్తే, 4 శాతం లోపే. తొమ్మిదిసార్లో ఎక్కువో అయితే దాదాపు 15 శాతం. కాబట్టి పది వారాలు వస్తే తేడా ఉందని ధైర్యంగా రాయవచ్చు, తొమ్మిది వస్తే ఆచితూచి రాయాలి. సమానంగా వచ్చిన వారం ఉంటే దాన్ని పక్కన పెట్టి, మిగిలిన వారాలతో ఈ లెక్క మళ్ళీ వేయాలి. దీన్నే సైన్ టెస్ట్ అంటారు. ఇది చేతితో చేశాక, తేడా ఎంతో కూడా లెక్కలోకి తీసుకునే విల్కాక్సన్ పరీక్ష కంప్యూటర్‌లో చేయిస్తే ఏం జరుగుతోందో అర్థమవుతుంది.

తేడా రాకపోతే ప్రాజెక్టు పోయిందని పిల్లలు కుంగిపోతారు. రాలేదని రాయడమే ఫలితం. మార్కులు పద్ధతికి ఇవ్వండి, ఆ మాట మొదటి రోజే చెప్పండి.

రిపోర్టులో పద్ధతి భాగం ముందు రాయించండి, పరిచయం చివర్లో. నెట్‌లోంచి ఎత్తిరాసేది పరిచయమే. సొంత పద్ధతి, సొంత ఫలితాలు చేతిలో ఉన్నాక ఎత్తిరాయాల్సిన అవసరం పడదు. రిపోర్టును డిగ్రీ విద్యార్థుల ప్రాజెక్టులకు పెట్టే జిజ్ఞాస పోటీకి పంపాలనుకుంటే ముడి షీట్లు అనుబంధంగా పెట్టండి.

ఒక కాపీ ఊరికి తిరిగి ఇవ్వాలి. పంచాయతీ ఆఫీసు గోడకు ఒక చార్టు, తెలుగులో, ఊళ్ళో వాడే పేర్లతో. మా జట్టు చార్టు అంటించిన రోజు మత్స్యకారుల సంఘం పెద్దాయన దగ్గరికి వచ్చి వేలితో చుక్కలు చూస్తూ, "గీ వారం గిన్నెందుకు తక్కువున్నయంటే, ఆ పొద్దు మేం పెద్దవల ఏసినం బిడ్డా" అన్నాడు. నోట్‌బుక్ తెరిచి చూస్తే నిజమే, ఆ రోజు పేజీలో "తెప్పలు 4" అని మూలన రాసి ఉంది. అప్పటి నుంచి షీటులో వలల గడి ఒకటి చేరింది.

నోట్‌బుక్‌లు పిల్లల ఇంటికి పంపకండి, డిపార్ట్‌మెంట్ బీరువాలో ఉంచండి. కొత్త బ్యాచ్ మొదటి వారం చేసే పని పాత నోట్‌బుక్ చదివి, అదే రాయి వెతుక్కుంటూ వెళ్ళడం. రాయి మీది పసుపు రంగు ఏటా వానలకు పోతుంది. నవంబర్ చివర్లో ఒకసారి వెళ్ళి మళ్ళీ వేయించండి.